మమ్మీలు చేయడం ఇప్పటికీ ఎక్కడైనా ఉందా? మా అమ్మాయికి తప్పు చెప్పానేమో

రెండో బెంచీ:
మొన్న ఆదివారం మా అమ్మాయిని తీసుకుని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్ళాను. ఎండ దంచేస్తుంటే నీడ కోసం అక్కడి మ్యూజియంలోకి దూరాం. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది కదా, నైషు అనే రాకుమారిదని చెబుతారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లు పెట్టి కొని, ఏడో నిజాంకి ఇచ్చాడట. ఆయన మ్యూజియానికి ఇచ్చేశాడు. మా పిల్ల ఎనిమిదో తరగతి. పెట్టె చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, "నాన్నా, ఇప్పుడు ఇలా ఎవరూ చేయరా?" అంది. "ఎవరూ చేయరమ్మా, ఎప్పుడో ఆగిపోయింది" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా. పక్కనే నిలబడ్డ గార్డు "లెనిన్‌ది ఉంది కదా సార్" అన్నాడు. మా పిల్ల నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇంతకీ ఈజిప్టు పద్ధతి నిజంగా ఆగిపోయిందా? వేరే చోట్ల ఎవరైనా చేస్తున్నారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నమ్మనుపో:
మీరు చెప్పింది తప్పేం కాదు. ఈజిప్టులో ఆగిపోయింది, అంతే. క్రైస్తవం వచ్చాక నాలుగో శతాబ్దం నుంచి తగ్గుతూ వచ్చి, అరబ్బులు వచ్చిన ఏడో శతాబ్దం నాటికి పూర్తిగా పోయింది. ఇప్పుడు అక్కడ ఎవరైనా పోతే వీలైతే ఆ రోజే ఖననం చేసేస్తారు. "రహస్యంగా తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న కుటుంబం" అంటూ యూట్యూబ్‌లో వచ్చేవన్నీ సొల్లు. లెనిన్ మమ్మీ కాదు. గార్డుకి చెప్పండి.

పిఠాపురం పిల్లి:
మరి లెనిన్ ఏంటి అన్నా? మైనపు బొమ్మా?

డిసెక్షన్ హాల్:
మైనం కాదు బాబూ, దేహమే. నేను మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్ళు అనాటమీ చెప్పి రిటైర్ అయ్యాను కాబట్టి కొంచెం చెప్పగలను. "నమ్మనుపో" గారు మమ్మీ కాదన్నారు గానీ ఎందుకు కాదో చెప్పలేదు. మన వంటింటి భాషలో చెబుతాను. భోజనం చేస్తూ చదివేవాళ్ళు ఇక్కడ ఆగి, తర్వాత రండి.

కుళ్ళడానికి నీళ్ళు కావాలి. ఈజిప్టువాళ్ళు చేసింది ఆ నీళ్ళని లాగేయడం. నాట్రాన్ అనే ఉప్పులో దేహాన్ని పూడ్చి పెట్టేవాళ్ళు. అందులో ఎక్కువగా సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ఉంటాయి, కొంత మామూలు ఉప్పు, కొంత సల్ఫేట్. మన చాకళ్ళు బట్టలు ఉడకబెట్టడానికి వాడే చౌడుకి దగ్గరి చుట్టం. కైరోకి వాయవ్యంగా వాడీ నత్రూన్ అనే లోయలో ఎండిన చెరువుల్లో దొరుకుతుంది. అంటే ఈజిప్టు మమ్మీ ఒక ఉప్పు చేప. నీళ్ళు పోయి, తేలికై, తోలులా గట్టిపడి ఉంటుంది.

మేం కాలేజీలో చేసేది వేరు. తొడ దగ్గరి ధమనిలోకి ఫార్మలిన్, గ్లిజరిన్, స్పిరిట్, ఫినాల్ కలిపిన ద్రవం ఎక్కిస్తాం. ఫార్మాల్డిహైడ్ ప్రొటీన్లని ఒకదానితో ఒకటి ముడేసి బిగించేస్తుంది. నీళ్ళు అక్కడే ఉంటాయి గానీ సూక్ష్మజీవులకి తినడానికి పనికొచ్చేదేమీ మిగలదు. దీన్ని ఊరగాయ అనుకోండి.

లెనిన్‌ది మూడో రకం. ఫార్మలిన్‌తో బిగించాక, గ్లిజరిన్, పొటాషియం అసిటేట్ ద్రావణంలో నానబెట్టారు. ఆ రెండూ తేమని పట్టి ఉంచుతాయి. ఈజిప్టువాళ్ళు తేమని తరిమేస్తే, వీళ్ళు తేమని పోనివ్వకుండా కాపలా కాశారు. అందుకే ఆయన చర్మం ఇప్పటికీ మెత్తగా ఉంటుందంటారు. దారి ఇంత తిరగబడ్డాక దాన్ని మమ్మీ అనాలా వద్దా అన్నది మీ ఇష్టం.

రెండో బెంచీ:
మేడమ్, ఉప్పు చేప పోలిక మా అమ్మాయికి చదివి వినిపించాను. ఇవాళ ఆదివారం కూర మారింది. ధన్యవాదాలు.

నమ్మనుపో:
మేడమ్‌తో ఒప్పుకుంటాను. కానీ లెనిన్ సంగతిలో నాకు ఆశ్చర్యమనిపించేది రసాయనం కాదు. 1924 జనవరి 21న పోయాడు. ముందు నాలుగు రోజులు జనం చూడ్డానికని తాత్కాలికంగా చేశారు. చలి ఎముకలు కొరుకుతోంది కాబట్టి దేహం చెడలేదు, వరస తగ్గలేదు. అలా వారాలు గడిచాయి. తర్వాత గడ్డకట్టిద్దామని ఒక వర్గం, వద్దని ఒక వర్గం. ఈ లోపు మచ్చలు రావడం మొదలైంది. మార్చి చివర్లో ఖార్కొవ్ నుంచి వొరొబ్యోవ్ అనే అనాటమీ ప్రొఫెసర్ దిగి, జ్బార్‌స్కీ అనే బయోకెమిస్టుతో కలిసి నాలుగు నెలలు కూర్చున్నాడు. అంటే ఎవరూ ముందు నుంచి పథకం వేసి చేసింది కాదు. వాయిదా వేస్తూ వేస్తూ వందేళ్ళు దాటింది.

1941లో జర్మన్లు మాస్కో వైపు వస్తుంటే ఆ దేహాన్ని రైల్లో సైబీరియాలోని త్యుమెన్‌కి పంపించి దాచారు. ఇప్పటికీ ఏడాదిన్నరకోసారి బయటికి తీసి మళ్ళీ నానబెడతారు. 2016లో దాని నిర్వహణకి 1.3 కోట్ల రూబుళ్ళు కేటాయించారని అక్కడి ప్రభుత్వమే చెప్పింది.

పిఠాపురం పిల్లి:
మా అమ్మ ఆవకాయ జాడీకి కూడా ఇంత మెయింటెనెన్స్ ఉండదు.

డిసెక్షన్ హాల్:
లెనిన్ దేహాన్ని చూసుకునే మాస్కో ల్యాబే తర్వాత ఒక సేవా కేంద్రంలా తయారైంది. బల్గేరియా నాయకుడు దిమిత్రోవ్, వియత్నాం హో చి మిన్, ఉత్తర కొరియా కిమ్ ఇల్ సుంగ్, కిమ్ జోంగ్ ఇల్, అందరి దేహాలూ అక్కడి నిపుణుల చేతుల మీదుగా వెళ్ళినవే. హనోయిలో ప్రతి ఏడూ రెండు మూడు నెలలు సందర్శకులని ఆపేస్తారు, నిర్వహణ కోసం.

నాకు బాధనిపించేది ఒకటుంది. హో చి మిన్ తన వీలునామాలో దహనం చేయమని, బూడిదని దేశం ఉత్తరాన, మధ్యన, దక్షిణాన పెట్టమని రాసుకున్నాడు. మావో కూడా 1956లో దహనానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. ఇద్దరినీ గాజు పెట్టెల్లోనే పెట్టారు. ఫారోలు కనీసం తాము కోరుకున్నదే పొందారు.

పురాణం పంతులు:
అందరూ ఈజిప్టు, రష్యా అంటున్నారు. మన దగ్గరి సంగతి ఎవరూ ఎత్తలేదు. అయోధ్యకాండ చదవలేదా నాయనలారా? దశరథుడు పోయినప్పుడు రాముడు, లక్ష్మణుడు అడవిలో ఉన్నారు. భరతుడు, శత్రుఘ్నుడు మేనమామ ఇంట కేకయంలో ఉన్నారు. అగ్ని పెట్టడానికి ఒక్క కొడుకూ దగ్గర లేడు. మంత్రులు ఏం చేశారు? రాజు దేహాన్ని తైలద్రోణిలో పెట్టారు. నూనె నింపిన తొట్టి అన్నమాట. తాతగారి ఇల్లు వదిలి ఇవాళ్టికి ఏడో రాత్రి అని భరతుడు తల్లితో అంటాడు. దూతలు పోయిన రోజులు వేరే. తర్వాత నూనెలోంచి తీసి నేల మీద పడుకోబెట్టినప్పుడు రాజు మొహం పసుపు వన్నె తిరిగి, నిద్రపోతున్నట్టు ఉన్నాడని వాల్మీకి చెబుతాడు.

నిమి కథ ఇంకోటి. వసిష్ఠుడి శాపంతో నిమి చక్రవర్తి దేహం వదిలితే, ఆ దేహం చెడకుండా సుగంధ తైలాలు పూసి ఉంచారని విష్ణు పురాణంలో ఉంది. మళ్ళీ ఒంట్లోకి వస్తావా అని దేవతలు అడిగితే, వద్దు, అందరి కళ్ళల్లో ఉంటానన్నాడు. నిమేషం అన్న మాటని ఆ కథతోనే ముడిపెడతారు.

నమ్మనుపో:
పంతులుగారూ, కథలు బాగున్నాయి. కానీ "మన పూర్వీకులకి మమ్మీలు తెలుసు" అనే దగ్గరికి మాత్రం వెళ్ళకండి దయచేసి.

పురాణం పంతులు:
నేనెక్కడ అన్నాను నాయనా? నూనెలో గాలి తగలదు, అందుకే కొన్నాళ్ళు ఆగింది. ఎన్నాళ్ళు? కొడుకు వచ్చేదాకా. అంతకంటే ఒక్క రోజు ఎక్కువ వాళ్ళకి అక్కర్లేదు. ఈజిప్టువాడికి దేహం ఉండాలి. మనవాడికి దేహం కొడుకు కోసం ఆగాలి, ఆగి కాలిపోవాలి. రెండూ ఒకటే అని నేనెందుకంటాను? నువ్వు నా మాట పూర్తిగా చదవకుండా కొట్లాటకి వస్తావు ఎప్పుడూ.

జగిత్యాల టు జుబైల్:
నమస్తే అందరికీ. నేను రోజూ చదివి పోతుంటాను, రాయడం తక్కువ. పంతులుగారు తైలద్రోణి అన్నాక రాయాలనిపించింది.

పద్నాలుగేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నా. మా రూంలో ఉండే అతను, మా పక్క మండలమే, రాత్రి పడుకున్నవాడు పొద్దున లేవలేదు. గుండెపోటు అన్నారు. వాళ్ళ కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్ళు. బాడీ ఇంటికి చేరడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం, ఎంబసీ నుంచి ఎన్ఓసీ, పాస్‌పోర్టు రద్దు, కంపెనీ సెటిల్‌మెంటు. కంపెనీవాళ్ళు ఫోన్ ఎత్తరు, ఎత్తితే రేపు అంటారు. అన్ని రోజులూ మార్చురీ ఫ్రీజర్‌లోనే ఉన్నాడు. అన్నీ అయ్యాక ఆఖర్న ఎంబామింగ్. ఆ సర్టిఫికెట్ లేకపోతే విమానంవాళ్ళు పెట్టె ముట్టరు. ఆ కాగితం నేనే చేత్తో పట్టుకుని తిరిగాను.

శంషాబాద్‌లో కార్గో గేటు దగ్గర తీసుకుని ఊరికి పోయేసరికి తెల్లారింది. పెట్టె తెరిస్తే మందు వాసనకి అందరి కళ్ళల్లో నీళ్ళు, ఏడుపుకి ముందే. మొహం నల్లగా, బూడిద రంగులో ఉంది. వాళ్ళమ్మ చూసి "వీడు నా కొడుకు కాదు, ఎవర్నో తెచ్చిండ్రు" అంది. చేతి మీది పచ్చబొట్టు చూపిస్తే అప్పుడు కూలబడింది. స్నానం చేయించొద్దని నాతో ముందే చెప్పారు. ఆడవాళ్ళు ఊరుకోలేదు, చెంబుతో కాళ్ళ మీద పోశారు.

మీరు మమ్మీ అనండి, ఊరగాయ అనండి. మా దగ్గర ఏటా జరిగేది ఇదే.

రెండో బెంచీ:
అన్నా, ఏం రాయాలో తెలియడం లేదు.

పిఠాపురం పిల్లి:
ఊరగాయ జోకులకి సారీ అన్నా.

జగిత్యాల టు జుబైల్:
అట్లేం లేదు తమ్ముడూ. నేను కూడా నవ్విన. మేడమ్‌ని ఒకటి అడగాలి, అందుకే రాసిన. మొహం అలా ఎందుకు అయింది? ఎంబామింగ్ చేస్తే బాగుండాలి కదా? సరిగ్గా చేయలేదా? వాళ్ళమ్మ ఇప్పటికీ నన్ను అడుగుతుంది.

డిసెక్షన్ హాల్:
బాబూ, చేసినవాళ్ళు తప్పు చేసి ఉండాల్సిన పని లేదు. ఆ ద్రవం రక్తనాళాల్లోంచే ఒళ్ళంతా చేరాలి. పోయిన కొన్ని గంటల్లోపు చేస్తే బాగా పాకుతుంది. మూడు వారాలు ఫ్రీజర్‌లో ఉన్నాక రక్తం అక్కడక్కడా గడ్డకట్టి ఉంటుంది, నాళాలు దెబ్బతిని ఉంటాయి, మంచు కరిగేటప్పుడు కణాలు పగిలి ఉంటాయి. ద్రవం మొహం దాకా సమంగా వెళ్ళదు. పైగా ఫార్మాల్డిహైడ్ దానంతటదే చర్మాన్ని బూడిద రంగులోకి తిప్పుతుంది. అందుకే కొన్ని చోట్ల ఆ ద్రవంలో ఎర్ర రంగు కలుపుతారు, కాస్త జీవం ఉన్నట్టు కనిపించాలని. అందరూ కలపరు.

ఆ తల్లికి చెప్పండి, ఆలస్యం వల్ల రంగు మారింది, ఎవరూ అతన్ని పాడు చేయలేదని. వాసన కూడా మందుదే. పెట్టె తెరిచేటప్పుడు తలుపులు, కిటికీలు తీసి ఉంచమని, పిల్లల్ని కాసేపు దూరంగా ఉంచమని ఈసారి ఎవరికైనా చెప్పండి. మేం డిసెక్షన్ హాల్లో పంకాలన్నీ వేసుకునే నిలబడేవాళ్ళం.

జగిత్యాల టు జుబైల్:
చెప్తాను మేడమ్. థాంక్స్.

నికెల్ మనిషి:
ఆలస్యంగా వచ్చాను. నేను ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఒక నికెల్ ప్లాంటులో రెండేళ్ళు పనిచేశాను. అక్కడి కొండల్లో తొరాజా అనే జనం ఉన్నారు. "ఇప్పటికీ ఉందా" అన్న ప్రశ్నకి నా జవాబు: ఉంది, నేను దాని పక్కన కూర్చుని కాఫీ తాగాను.

నాతో పనిచేసే ఫోర్‌మన్ తొరాజావాడు. ఒకసారి సెలవుకి రాంతెపావో దగ్గరున్న వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. పడవ ఆకారం కప్పు ఉన్న ఇల్లు, తోంగ్‌కొనాన్ అంటారు. లోపలికి పోగానే "నానమ్మకి ఒంట్లో బాలేదు, పలకరించి రా" అన్నాడు. వెళ్ళి చూస్తే ఆవిడ పోయి ఏడాది దాటింది. రంగురంగుల గుడ్డ కప్పి పడుకోబెట్టారు. పూటపూటా భోజనం, తమలపాకులు పక్కన పెడతారు. అంత్యక్రియ జరిగేదాకా వాళ్ళ లెక్కలో ఆమె చనిపోలేదు, జబ్బు మనిషి. దానికి వాళ్ళ మాట "మకులా". నాకు కాళ్ళు వణికిన మాట నిజమే, కానీ ఇంట్లో పిల్లలు ఆవిడ పక్కనే ఆడుకుంటున్నారు.

ఎందుకు ఆపుతారంటే డబ్బు. అక్కడ చావు ఖర్చు పెళ్ళి ఖర్చుకంటే పెద్దది. దున్నపోతులు బలివ్వాలి, ఎన్ని ఎక్కువైతే అంత గౌరవం. మచ్చల దున్న అయితే కారు ధర. పిల్లలు ఊళ్ళు పట్టుకుపోయి సంపాదించి తేవాలి. పూర్వం ఆకులు, మూలికలు వాడేవారట. ఇప్పుడు ఫార్మలిన్ ఇంజెక్షన్. అంత్యక్రియ అయ్యాక కొండ గుహలో పెడతారు. కొన్ని ఊళ్ళలో కొన్నేళ్ళకోసారి, పంట కోతలయ్యాక, ఆగస్టు ప్రాంతాల్లో బయటికి తీసి, దుమ్ము దులిపి, ఎండలో ఆరబెట్టి, కొత్త బట్టలు వేస్తారు. మ'నెనె అంటారు. తాతకి ఇష్టమని నోట్లో సిగరెట్ పెట్టి ఫోటో దిగడం కళ్ళారా చూశాను. వీళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులు, ఆదివారం చర్చికి వెళతారు.

పురాణం పంతులు:
చూశారా, ఇక్కడ కూడా దూరాన ఉన్న కొడుకులు సంపాదించుకుని వచ్చేదాకానే.

నమ్మనుపో:
పంతులుగారూ, ఆ కొడుకులు వచ్చాక కూడా కొండలో పెట్టి మళ్ళీ మళ్ళీ తీస్తున్నారు. మీ సిద్ధాంతం సగమే సరిపోయింది.

కానీ నికెల్ మనిషి గారి పోస్టు నా మొదటి మాటని దెబ్బతీసింది, ఒప్పుకుంటాను. రసాయనం మారినా ఆచారం తెగలేదు. పపువా న్యూ గినీలో అయితే తెగింది, మళ్ళీ అతికింది. అసెకీ ప్రాంతంలో అంగా జనం పెద్దవాళ్ళ దేహాల్ని గుడిసెలో కూర్చోబెట్టి, కింద నెల రోజులకి పైగా పొగ పెట్టి, ఆరాక ఎర్రమట్టి పూసి, ఊరు కనిపించేలా కొండ అంచున పెట్టేవాళ్ళు. మిషనరీలు, ఆస్ట్రేలియా పాలన వచ్చాక మానేశారు. కోకె అనే ఊళ్ళో ఒక పెద్దమనిషి తన తండ్రి మమ్మీ పాడైపోతోందని బాధపడితే 2008లో పరిశోధకులు వెళ్ళి అక్కడి సామగ్రితోనే బాగుచేశారు. ఆ పెద్దాయన తనని కూడా అలాగే చేయమని పిల్లలకి నేర్పించి పోయాడు. చేశారు.

పిఠాపురం పిల్లి:
పొగ చేప. ఇప్పుడు చేపల మార్కెట్ పూర్తయింది. సారీ, ఆగలేకపోయాను.

లీడ్స్‌లో తెలుగోడు:
అచ్చం ఈజిప్టు పద్ధతే ఈ కాలంలో చేసి చూసినవి రెండున్నాయి, ఇక్కడ ఎవరూ చెప్పలేదు. 1994లో అమెరికాలో, బాల్టిమోర్‌లోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బాబ్ బ్రయర్, రొనాల్డ్ వేడ్ అనే ఇద్దరు, దానంగా వచ్చిన ఒక దేహం మీద చేశారు. నాట్రాన్ నిజంగానే ఈజిప్టు నుంచి తెచ్చి, పాతకాలపు పనిముట్లలాంటివి చేయించుకుని, వందల కిలోల ఉప్పులో 35 రోజులు ఉంచారు. మెదడుని కొక్కెంతో ముక్కులోంచి లాగేవారని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, అది రాలేదట. మజ్జిగలా చిలికితే పలచబడి ముక్కులోంచి కారిపోయింది. పుస్తకంలో చదివితే తెలిసేది కాదు ఇది.

రెండోది మా యార్క్ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రవేత్త స్టీఫెన్ బక్లీ చేసింది. ఇంగ్లండ్‌లోని టోర్కీ అనే ఊరి టాక్సీ డ్రైవర్ అలన్ బిల్లిస్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఒక ప్రకటన చూసి, నన్ను మమ్మీ చేసుకోండి అని ఒప్పుకున్నాడు. 2011 జనవరిలో పోయాడు. పొడి ఉప్పులో కాదు, ముందు నాట్రాన్ ద్రావణంలో నానబెట్టి, తర్వాత ఆరబెట్టారు. టుటాంఖామన్ వంశకాలంలో అలాగే చేసి ఉంటారని బక్లీ వాదన. టీవీలో వేశారు. మా ఆవిడ మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

పిఠాపురం పిల్లి:
ఇప్పుడు సీరియస్ ప్రశ్న. మా పిల్లికి పదహారేళ్ళు. దాన్ని చేయించుకోవచ్చా?

లీడ్స్‌లో తెలుగోడు:
డబ్బుంటే అమెరికాలో. యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీలో సమ్మం అని ఒక మత సంస్థ ఉంది, 1975లో మొదలైంది. పిరమిడ్ ఆకారం భవనం. కుక్కల్ని, పిల్లుల్ని చేసి కంచు బొమ్మల్లో మూసి ఇస్తారు. ఆ సంస్థ పెట్టిన కోర్కీ రా 2008లో పోతే ఆయన్నీ అలాగే చేసి అక్కడే ఉంచారు. కానీ వాళ్ళది కూడా ద్రావణంలో నానబెట్టే పద్ధతే, ఉప్పులో ఎండబెట్టడం కాదు. పేరు ఫారోది, పని ల్యాబుది.

నమ్మనుపో:
పిల్లికి పదహారేళ్ళంటే ముందు మంచి డాక్టర్ని చూసుకో తమ్ముడూ.

స్పితి జవాను:
నేను అర్ధసైనిక దళంలో చేసి వచ్చినవాణ్ణి. హిమాచల్‌లో స్పితి వైపు గ్యూ అనే ఊరుంది, టిబెట్ సరిహద్దుకి దగ్గర. అక్కడ గాజు పెట్టెలో ఒక లామా కూర్చుని ఉంటాడు. సంఘా టెన్‌జిన్ అంటారు. 1975 భూకంపం తర్వాత సమాధి బయటపడిందని చెబుతారు. దాదాపు ఐదు వందల ఏళ్ళ నాటిది. పళ్ళు, తల మీద వెంట్రుకలు కనిపిస్తాయి. ఉప్పు లేదు, మందు లేదు, పేగులు తీసింది లేదు. మెడ నుంచి మోకాళ్ళకి ఒక పట్టీ ఉంది, ధ్యానంలో పక్కకి ఒరిగిపోకుండా కట్టుకునేది. తవ్వేటప్పుడు పలుగు తగిలితే నెత్తురు వచ్చిందని ఊరివాళ్ళు చెబుతారు. నేనేం వాదించలేదు, దణ్ణం పెట్టుకుని వచ్చా. ఆ చలికి, ఆ పొడి గాలికి మా మెస్సులో రొట్టెముక్క కూడా కుళ్ళేది కాదు.

డిసెక్షన్ హాల్:
జపాన్‌లో యమగాత కొండల్లో ఇలాంటివే ఉన్నాయి. అక్కడి సన్యాసులు ఏళ్ళ తరబడి ధాన్యం మానేసి, చెట్ల బెరడు, గింజలు, వేళ్ళు తింటూ ఒంట్లో కొవ్వు, నీరు తగ్గించుకునేవాళ్ళు. బతికుండగానే తయారీ. మెయిజీ ప్రభుత్వం నిషేధించింది. చివరివాడు బుక్కయి అనే ఆయన 1903లో పోయాడు, ఆయన కోరినట్టు తవ్వి తీయడానికి చట్టం అడ్డొచ్చి 1961 దాకా నేలలోనే ఉన్నాడు. దీని మీద ఇంతకంటే వివరంగా రాయను. చదివి ఎవరూ ఉపవాసాలు మొదలుపెట్టకండి.

పురాణం పంతులు:
మన యతుల్ని కూడా కాల్చరు కదా. కూర్చోబెట్టి, ఉప్పు, విభూతి, కర్పూరం వేసి సమాధి చేస్తారు. శ్రీరంగంలో రామానుజాచార్యుల దేహమే నేటికీ ఆ సన్నిధిలో ఉందని వైష్ణవుల నమ్మకం. ఏడాదికి రెండుసార్లు కర్పూరం, కుంకుమపువ్వు కలిపి పూస్తారు. నేను దర్శనం చేసుకున్నాను. విగ్రహమా దేహమా అని అక్కడ నిలబడి ఎవరూ అడగరు.

నమ్మనుపో:
నేనూ అడగను. గోవాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ కూడా అంతే. 1552లో చైనా తీరం దగ్గర దీవిలో పోయాడు, సున్నం వేసి పూడ్చారు, మలక్కా మీదుగా 1554లో గోవా చేరాడు. పదేళ్ళకోసారి కిందికి దించి చూపిస్తారు, మొన్న 2024 నవంబరు నుంచి 2025 జనవరి దాకా చూపించారు. అక్కడ ఎవరూ మందు పెట్టలేదంటారు.

కానీ పంజాబ్ సంగతి మాత్రం అడుగుతాను. జలంధర్ దగ్గర నూర్‌మహల్‌లో ఒక ఆశ్రమ గురువు, అశుతోష్ మహరాజ్. 2014 జనవరిలో చనిపోయారని డాక్టర్లన్నారు, సమాధిలో ఉన్నారని శిష్యులన్నారు. ఫ్రీజర్‌లో పెట్టారు. కొడుకునని చెప్పుకున్న ఒకాయన దహనానికి దేహం ఇవ్వమని కోర్టుకెక్కాడు. మొదట దహనం చేయమని తీర్పు వచ్చింది, 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు డివిజన్ బెంచి అలాగే ఉంచుకోవచ్చంది. ఇదేంటి మరి? మమ్మీయా, తైలద్రోణా?

పురాణం పంతులు:
తైలద్రోణి కాదు నాయనా. అక్కడ కొడుకునన్నవాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

నమ్మనుపో:
ఈ ఒక్కటీ ఒప్పుకుంటున్నాను.

మోడరేటర్:
ఆ ఆశ్రమం మీద ఇంతకుమించి వద్దు. మతాల మీద పోస్టులు రెండు తీసేశాను, ఎవరివో వాళ్ళకి తెలుసు. మిగతా చర్చ బాగుంది, కొనసాగించండి.

రెండో బెంచీ:
అందరికీ థాంక్స్. మా అమ్మాయికి రాత్రి మొత్తం చదివాను, జుబైల్ అన్న రాసింది మాత్రం కొంచెం దాటేశాను. తర్వాత తనే ఫోన్ తీసుకుని చదివేసింది. "నీ జవాబు ఈజిప్టు వరకు పాస్, మిగతాది ఫెయిల్" అని మార్కులు వేసింది. ఇప్పుడు స్కూల్ ప్రాజెక్టుకి నాట్రాన్ చేస్తానంటోంది. వంటసోడా, ఉప్పు కలిపి చేపకి పెడితే పనిచేస్తుందా మేడమ్?

డిసెక్షన్ హాల్:
చేస్తుంది. చిన్న చేప తీసుకోండి. పొట్ట కోసి లోపలిదంతా తీసి, ఆ లోపల కూడా నింపాలి, అదే అసలు కీలకం. వంటసోడా, చాకలి సోడా, ఉప్పు కలిపి పైన, కింద మందంగా పరవాలి. వారానికోసారి తడిసిన పొడి తీసేసి కొత్తది వేయాలి. మొదటి రోజు, తర్వాత వారం వారం తూకం వేసి రాసుకోమనండి, నీళ్ళు ఎంత పోయాయో దానితో తెలుస్తుంది. చాకలి సోడా ముట్టుకుంటే చేతికి తొడుగు ఉండాలి. నెల పడుతుంది. బాల్కనీలో పెట్టండి, ఇంట్లో వద్దు.

పిఠాపురం పిల్లి:
బాల్కనీకి పిల్లులు వస్తాయి మేడమ్. అనుభవంతో చెబుతున్నా. మూత మీద రాయి పెట్టండి.

జగిత్యాల టు జుబైల్:
మేడమ్, నిన్న వీడియో కాల్ చేసి వాళ్ళమ్మకి చెప్పిన. ఆలస్యం వల్ల రంగు మారింది, వాడే మన పిల్లోడు అని. విని కాసేపు ఊరుకుంది. "ఫ్రీజర్‌ల చలి పెట్టి ఉంటదా?" అని అడిగింది. లేదమ్మా అన్న.

డిసెక్షన్ హాల్:
సరిగ్గా చెప్పారు బాబూ.

పురాణం పంతులు:
వచ్చే వారం మా మేనకోడలి పెళ్ళికి హైదరాబాద్ వస్తున్నాను. శుక్రవారం పొద్దున ఖాళీ. ఆ నైషు అమ్మాయిని చూసి వద్దామనుకుంటున్నాను. నాంపల్లి స్టేషన్ నుంచి నడవొచ్చా?

రెండో బెంచీ:
నడవొచ్చు పంతులుగారూ, దగ్గరే. కానీ శుక్రవారం మ్యూజియం సెలవు. శనివారం పెట్టుకోండి, నేనూ మా అమ్మాయీ వస్తాం. గార్డుకి కూడా ఒక మాట చెప్పాలి.